బీరు పెట్టెలో ఆంటీ పిండి

నేను చదువుకున్నది కెనడాలో ఉన్న లండన్‌లో. ఈ సంగతి మా బంధువుల్లో సగంమంది ఇప్పటికీ నమ్మరు. ఆ ఏళ్లలో మనవాళ్లు ఎంతమంది దిగారంటే, బేస్‌మెంట్‌లో ఒక గది దొరకడమే గొప్ప. మాకు కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక నర్సు ఆంటీ ఇంట్లో దొరికింది. ఆవిడ ఆదివారం చర్చి మానరు, ఇంట్లోకి మందు రానివ్వరు. నా రూమ్మేటు కరీంనగర్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాడు. చదువవగానే వాడికి టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వెళ్లేలోపు తన చేత్తో చేసిన బీరు నాతో కలిసి తాగాలని పట్టుబట్టాడు. పరీక్షలకు కూడా వాడు అంత పట్టుదలగా చదవలేదు.

బీరు పులిసినన్నాళ్లూ పద్దెనిమిది డిగ్రీలు కదలకూడదట. మా బేస్‌మెంట్‌లో చలికాలం పాలు కూడా తోడుకోవు. అందుకని ఎవరో రోడ్డు పక్కన పెట్టేసిన ఫ్రిజ్ మోసుకొచ్చాడు. లోపల వేడెక్కితే ఫ్రిజ్, చల్లబడితే అందులో పెట్టిన బల్బు వాటంతటవే ఆన్ అయ్యేలా ఒక కంట్రోలర్‌కి వైర్లు కలిపాడు. బల్బు ఆరిపోయింది కదా అని నేను హోల్డర్ సర్దబోయాను. చెయ్యి భుజం దాకా ఝల్లుమంది.

"బల్బు బంద్ అయింది గదరా, కరెంటు ఎట్లొచ్చింది?" అని నన్నే అడిగాడు.

"నన్నడుగుతావేంటి? డిప్లొమా నీది."

ప్లగ్ పీకి, ఫోన్‌లో వెతికి, తల పట్టుకున్నాడు. "మామా, మన దగ్గర నల్ల వైరు న్యూట్రల్. ఈడ నల్లదాంట్లనే కరెంటొస్తదట. నేను తెల్లది కట్ చేసిన, బల్బు బంద్ అయినా హోల్డర్ దాకా కరెంటు అట్లనే ఉన్నది."

వైర్లు మార్చి మళ్లీ కలిపాడు. నేను మాత్రం చాలారోజులు దాన్ని చెక్క గరిటెతో తప్ప ముట్టుకోలేదు.

బట్టలు ఉతకడానికి కిందికి దిగిన ఆంటీ ఒకరోజు ఆ ఫ్రిజ్ చూసి, "ఇదేంటి బాబూ?" అన్నారు. వాడు నోరు తెరిచేలోపే, "దోసెల పిండి పులియడానికండీ" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రానికల్లా ఆవిడ గిన్నెడు పిండి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"చలికి మా పిండీ పొంగట్లేదు నాన్నా. చర్చివాళ్లు టిఫిన్‌కొస్తున్నారు."

పిండికి ముప్పై డిగ్రీలైనా కావాలి. బీరున్న బకెట్ బయట పెడితే చలికి పులవడం ఆగిపోతుంది, లోపల ఉంచితే పాడవుతుంది. వాడు కాసేపు బకెట్ వంక చూసి, కంట్రోలర్ మీద అంకె ముప్పైకి పెంచాడు. పిండి బ్రహ్మాండంగా పొంగింది. ఆపైన ప్రతివారం గిన్నె దిగేది.

వాడు వెళ్లే ముందురోజు బీరు పోసుకున్నాం. మగ్గిపోయిన అరటిపండ్ల వాసన.

"ఎట్లుంది?"

"బాగుంది."

"అబద్ధాలు చెప్పకు. ఈసారి పద్దెనిమిది మీదనే ఉంచి చేద్దాం. నేనొస్త."

అయినా ఇద్దరం మొత్తం తాగాం. పొద్దున బ్యాగు భుజాన వేసుకున్నాక కూడా వంగి కంట్రోలర్‌ని పద్దెనిమిదికి దించి వెళ్లాడు. ఖాళీ మంచం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ వారం ఆంటీ మామూలుగా గిన్నె పంపారు. లోపల పెట్టి, అంకె పెంచబోయాను. చేయి రాలేదు.

"ఈసారి పొంగలేదేంటి నాన్నా?" అని ఆవిడ అడిగారు.

"చలి ఎక్కువైందండీ" అన్నాను.