పొడి ఇసుకకి హై, తడి ఇసుకకి లో

జీపులో పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లు ఉండేవి. ఒకటి లాగితే ముందు చక్రాలకీ బలం చేరి నాలుగూ కలిసి లాగుతాయి. రెండోది హై, లో మార్చేది. హైలో పరుగు ఉంటుంది. లోలో పరుగు చచ్చి బలం పెరుగుతుంది. బండి మనిషి నడకన పోతుంటే ఇంజను గుయ్యిమని మూలుగుతుంది. ఆ మూలుగు నాకిప్పటికీ పడదు. వీధిలో వినబడితే కిటికీ మూసేస్తాను. ఇంట్లోవాళ్ళు చాదస్తం అంటారు, అననీ.

అరవైల చివర్లో నేను నౌపడ ఉప్పుమడుల దగ్గర ఒక ఆఫీసు జీపుకి డ్రైవర్ని. మా ఇంట్లో సముద్రం మీదికి పోకుండా బతికిన మొదటి మగాణ్ని. అందుకు మా అప్ప మొగుడు నన్ను ఆటపట్టించని రోజు లేదు. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ తెప్ప మీద వేటకి పోయేవాడు. తీరిక దొరికితే జీపెక్కి రాడ్లు పట్టుకు చూసేవాడు.

"ఏటిరా బామ్మర్దీ, ఒక్క బండికి ఇన్ని సుక్కానులా?"

నేను గొప్పగా చెప్పాను. పొడి ఇసుకలో హై వేసి తెగించి పోవాలి, మెల్లిగా పోతే చక్రం గొయ్యి తవ్వుకుని కూర్చుంటుంది. బురదకీ, గట్టు ఎక్కడానికీ, గెడ్డ నీళ్ళు దాటడానికీ లో వెయ్యాలి.

"అయితే మెల్లిగా పోతేనే దానికి బలమన్నమాట. మీ అప్పకి మల్లే," అని నవ్వాడు. అప్ప చీపురు విసిరింది.

ఆ కార్తీకంలో గాలి లేచింది. అందరి తెప్పలూ ఒడ్డు చేరాయి, బావది చేరలేదు. తెల్లారాక పెద్దలు కెరటంలో కొబ్బరి పీచు వేసి అది పోయే దారి చూశారు. "నీరు దక్షిణానికి లాగతన్నాది. వంశధార మొగకి పోయుంటాడు," అన్నారు. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఒడ్డు నీరు ఒకలా, లోపలి నీరు ఒకలా పోతుందని వాళ్ళకి తెలియదా? తెలుసు. భయంలో గుర్తు రాలేదు.

ఎవర్నీ అడక్కుండా జీపు తీశాను. అప్ప పక్కన కూర్చుంది. సముద్రం పోటు మీదుంది, గట్టిగా ఉండే తడి ఇసుకంతా నీళ్ళ కిందే ఉంది. మిగిలింది పొడి ఇసుకే. హై వేసి తొక్కాను.

"ఒరే, మెల్లిగా పోనీరా! ఏటా జోరు? నాను సూడాల!"

"ఆగితే దిగబడిపోద్ది అప్పా! నీ మొగుడి కోసమే కదా సస్తన్నాను!"

సముద్రం మీదున్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదని మావాళ్ళ పట్టింపు. అందుకని దారంతా "ఓయ్, ఓయ్" అని అరిచింది. మొగ దగ్గర కొంగలు తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది, నీళ్ళు వెనక్కి తగ్గి తడి ఇసుక బయటపడింది. "ఇప్పుడు మెల్లిగా పోనీ," అంది అప్ప. గొంతు పోయింది. బండి ఆపి లో వేశాను. మూలుగు మొదలైంది. మా ఊరు దగ్గర పడుతుండగా ఆపమంది.

పైన పొడి ఇసుకలో, పొద్దున మేం పోయిన చక్రాల చాలులో బావ తాటాకు టోపీ. అంచున అప్ప కుట్టిన ఎర్రగుడ్డ. నేను దిగేలోపే అప్ప ఉరికింది. టోపీ చదునుగా నలిగిపోయి ఉంది, ఆకు మీద ఇసుకతో పడిన టైరు అచ్చు. అప్ప గబగబా దాన్ని ఒళ్ళోకి లాక్కుని, కొంగుతో ఆ అచ్చు తుడిచి, వేళ్ళతో ఆకు పైకి లేపింది.

"కెరటం ఇప్పుడే తెచ్చినట్టున్నాది," అంది, నా వైపు చూడకుండా.

టోపీ ఎండి గలగలమంటోంది.

మర్నాడు బావ అక్కడికి దగ్గర్లోనే శవమై ఒడ్డుకొచ్చాడు. మేం దాటిపోయిన పొద్దుటికి ఊపిరి ఉందో లేదో ఎవరు చెప్పగలరు? పొడి ఇసుకలో హై తప్ప ఇంకేం వేస్తాను? ఇవాళైనా అదే వేస్తాను. అయినా దేవుడా, ఆ టోపీ నా కళ్ళలోంచి పోదు.

తర్వాత అప్ప నా బండి చాలాసార్లు ఎక్కింది. ఎంత జోరుగా తోలినా, మెల్లిగా పొమ్మని మళ్ళీ ఒక్కసారి కూడా అనలేదు.