నిమ్మకాయల మీదుగా ఫీనిక్స్‌కి

అప్పట్లో డాలస్ ఆఫీసులో మా టీమ్ లీడ్‌కి ఒక మాట అలవాటు: "అడగట్లేదండీ, చెప్తున్నా." ఫీనిక్స్‌లో క్లయింట్ మీటింగ్‌కి ఫ్లైట్ బుక్ చేస్తే క్యాన్సిల్ చేసి, ఎడారి దారిన మోటార్‌సైకిల్ మీద వెళ్తానంది.

బయల్దేరే రోజు గుడి పార్కింగ్ లాట్‌లో బండికి పూజ. కొబ్బరికాయ నా చేతిలో ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పంతులుగారు అడిగారు. "మీవారి పేరు, గోత్రం చెప్పండమ్మా."

"ఆయన ఇంట్లోనే ఉంటారండీ. ఎడారి దాటేది నేను. నా పేరు చదవండి."

పంతులుగారు ఆవిడ పేరే చదివారు.

మీటింగ్ బాగా జరిగింది. సాయంత్రం వీడియో కాల్‌లో, ఎండకి కమిలిన ఆవిడ ముఖం చూసి మేనేజర్ అన్నాడు. "రిటర్న్ ఫ్లైట్ బుక్ చేశాం. బైక్ షిప్ చేయించండి."

ఈసారి ఆవిడ చెప్పను కూడా లేదు. హెల్మెట్ పెట్టుకుని, కెమెరా ఆపేసింది.