వీఐ ఎడిటర్, ఎన్నూరు గేటు

కరోనాకు ముందు ఏడాది చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను ప్రాజెక్ట్ మేనేజర్‌ని. ఎన్నూరు దగ్గర ఒక కంటైనర్ యార్డులో లారీలను లోపలికి వదిలే గేట్ల ప్రోగ్రాం మా టీమ్‌దే. అందరూ ఒకే ఎడిటర్ వాడాలని, అది ఏదో నన్నే తేల్చమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఎడిటర్ అంటే ప్రోగ్రాం రాసి దిద్దుకునే సాధనం.

నా ఓటు పాతకాలపు వీఐకి. అందులో మౌస్‌తో పని లేదు, అక్షరాలే ఆజ్ఞలు. చిన్న j నొక్కితే కింది వరుసకు దిగుతాం. సీనియర్ ప్రోగ్రామర్ రేవతి, చింతాద్రిపేట తెలుగింటి అమ్మాయి, కొత్త తరహా రంగుల ఎడిటర్ కావాలంది. నేను ఓడితే సర్వీసంతా వాడిన పనిముట్టును ఆఖరి ఏడాదిలో వదలాలి. ఆమె ఓడితే టీమంతా నా చాదస్తాన్ని మోయాలి.

వీఐ గొప్ప చూపించాలని అందరినీ వెనక నిలబెట్టుకుని, యార్డు గేట్లను నడిపిస్తున్న అసలు సర్వర్‌లోనే గేట్ల సెట్టింగుల ఫైలు తెరిచాను. వరుసకొక సెట్టింగు. నాకు తెర చూడనక్కర్లేదంటూ వాళ్లవైపు తిరిగి, j కొన్నిసార్లు, వరుసను తెర మధ్యకు తెచ్చే zz ఒకసారి నొక్కాను.

తిరిగి చూస్తే తెర మీద ఫైలు లేదు.

రేవతి వంగి కీబోర్డు చూసింది. "క్యాప్స్ లాక్ వెలుగుతా ఉండాది సార్."

అది వెలిగితే పడేవి పెద్ద అక్షరాలే. పెద్ద J వరుసలను ఒకదానికొకటి అతికిస్తుంది. పెద్ద ZZ ఆ మార్పును భద్రపరచి ఫైలు మూసేస్తుంది. ఫైలు మారగానే గేట్ల ప్రోగ్రాం దాన్ని చదువుకుంటుంది; అతుక్కుపోయిన వరుసలు దానికి అర్థం కావు. కాసేపటికే యార్డు నుంచి ఫోన్, గేటు తెరుచుకోవడం లేదని.

ఎన్నూరు రోడ్డు పొడవునా వందల లారీలు నిలిచిపోయాయని, ఓడలు సముద్రంలోనే ఆగాయని పెళ్లిళ్లలో చెబుతూ ఉంటాను. నిజానికి ఆగింది ఒక్క గేటు, దాని ముందు నాలుగైదు లారీలు. డ్రైవర్లు దిగి టీ తాగారు.

"పొద్దున్నే ఆ ఫైలుకు కాపీ తీసి పెట్టినాను సార్, డెమో మీరు చేస్తారని తెలిసి," అంది రేవతి, దాన్ని తిరిగి పెడుతూ.

గేటు తెరుచుకుందని కబురు వచ్చాక, నా మీద నమ్మకం లేదా అని అడిగాను.

"మీ సంగతి తెలుసు గదా సార్. అందుకే తీసినాను."

నడుస్తున్న సర్వర్‌లోని ఫైలును ఏ ఎడిటర్‌తోనూ నేరుగా ముట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. నకలును దిద్ది, రెండో మనిషికి చూపించాకే సర్వర్‌లో పెట్టాలి. దాన్నే టీమ్‌కు నియమం చేసి, ఎడిటర్ మాత్రం ఎవరికి నచ్చింది వారిదని పైకి రాశాను. నేను వీఐతోనే రిటైరయ్యాను. కాకపోతే కీబోర్డులో క్యాప్స్ లాక్ మీట పీకేసి.