మా క్వారీ అన్న విమానం కొన్నప్పుడు

కరీంనగర్ దగ్గర ఒక గ్రానైటు క్వారీలో క్రేన్లు, కంప్రెసర్లు బాగుచేసే మెకానిక్‌ను నేను. పుట్టింది బొగ్గుబావుల కాలనీలో. బాపు గనిలో ఫిట్టరు. పానా పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అలాంటి నన్ను ఒకరోజు, మేమంతా అన్నా అని పిలిచే మా క్వారీ యజమాని పిలిచి, చిన్న జెట్ విమానం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నానన్నాడు. రాయి ఎగుమతి పని మీద నెలలో సగం రోజులు ఆయన రేవుల చుట్టే తిరుగుతాడు.

"ఇంజనీర్లు ఇంగ్లీషుల ఏమో చెప్తరు తమ్మీ. నువ్వు గూడ రా, జర మిషిన్ సూడు."

"క్రేన్లంటె ఎరికే గని అన్నా, విమానం సంగతి నాకేమెరుక?"

"సప్పుడు ఇని మోటరు రోగం చెప్తవు గదా. నడువు."

హైదరాబాద్‌లో అమ్మేవాళ్ల షెడ్డులో దాన్ని చూశాను. తెల్లగా, నేను అనుకున్నదానికంటే చాలా చిన్నగా ఉంది. పొట్ట నా మోకాలికి కాస్త పైన. రెక్క మీద చెయ్యి వేసి నిమిరాను. వరసలు వరసలుగా రివెట్లు కంటికి కనిపిస్తున్నాయి, వేళ్లకు మాత్రం ఒక్కటీ తగల్లేదు. నా జన్మలో అంత నున్నటి పనితనం చూడలేదు.

మా తరఫున తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఒకావిడ. కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ఇంజన్‌లోకి దూర్చి, తెర మీద మాకు లోపలంతా చూపించింది. బొటనవేలంత బ్లేడ్లు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదిలిపోతున్నాయి. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఒక బ్లేడు దగ్గర ఆమె ఆపింది. అంచున వెంట్రుకంత చీలిక.

"ఇది మార్చకుండా నేను సంతకం పెట్టను సార్," అంది మా అన్నతో.

"మొన్ననే మంచిగ ఎగిరొచ్చింది మేడమ్, ఫికర్ లేదు," అన్నాడు అమ్మేవాళ్ల మనిషి.

అన్న నా వైపు చూశాడు. ఒకసారి గనిలో మా బాపు, మనుషుల్ని దింపే ఇనుప తాడులో నాలుగైదు పోగులు తెగాయని, షిఫ్టు వాళ్లంతా తిడుతున్నా తాడు మార్చేదాకా ఎవరినీ దిగనివ్వలేదు. అది మనసులో మెదిలింది.

"మేడమ్ చెప్పినట్టు ఇను అన్నా. గా బ్లేడుతోని నేనైతె నిన్ను ఎక్కనియ్య."

"ఆమె ఒప్పుకుంటెనే కొంట," అన్నాడు అన్న. అమ్మేవాళ్లు బ్లేడు మార్పించడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాత, కొనేముందు ఎగిరి చూడటానికి ఇద్దరు పైలట్లతో పాటు అన్నా, నేనూ, ఇంజనీరూ ఎక్కాం. నేల వదలగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. టీ తాగేంత సేపట్లో కరీంనగర్ వచ్చేసింది. కింద మానేరు నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. అన్న కిటికీకి ముఖం ఆనించి క్వారీని వెతికాడు. చెప్పుకు కొట్టే మేకు తలంత గుంత కనిపించింది.

"గంతేనా తమ్మీ?" అన్నాడు నెమ్మదిగా. "ఇరవై ఏండ్ల సంది తవ్వుతున్నం గదా!"

గోదావరి దాటాం. ఖానాపూర్ పొలాలు, వాటి వెనక ఉట్నూర్ వైపు గుట్టలు, ఎటు చూసినా అడవి. రాయి వెతుకుతూ జీపులో నడుములు విరిగేలా రోజంతా తిరిగిన దారులు ఆకుల కింద ఎక్కడో ఉన్నాయి. ఇంత పచ్చటి చోట బతుకుతున్నామా అనిపించి కళ్లు చెమర్చాయి.

తిరిగి హైదరాబాద్‌లో దిగాక ఇంజనీరు టార్చి వేసి ఇంజన్‌ను మళ్లీ చూసి సంతకం పెట్టింది. ఆ తర్వాతే అన్న పెట్టాడు. అందరూ భోజనాలకు వెళ్తుంటే నేను ఒక్కడినే విమానం దగ్గర ఆగాను. ఇంజన్ చల్లారుతూ లోపల టిక్కుటిక్కుమంటోంది. అది పూర్తిగా సద్దుమణిగేదాకా అక్కడే నిలబడి విన్నాను.