లేని బల్బులకు పైపులు

కంప్యూటర్‌లో లైటు పెట్టడమంటే ఏమిటో మొదటి నెలంతా నాకు అర్థం కాలేదు. అంతకుముందు ఐదేళ్ళు డ్రాయింగు బోర్డు మీద గీతలు గీసినదాన్ని. మాదాపూర్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో మూడు నెలల ట్రయల్ మీద చేరాను. తొంభైలు ముగుస్తున్న రోజులవి. బయట గుట్టల్ని పేల్చి అద్దాల భవనాలు కడుతున్నారు. మా ఆఫీసులో ఉన్న ఒక్క ఏసీ మనుషులకు కాదు, కంప్యూటర్‌కు. ఆ మిషన్ నాకు అప్పగిస్తూ మా సార్ అన్నారు: "కట్టకముందే కట్టినట్టు చూపించాలమ్మా. ఓనర్ గారికి బొమ్మ నచ్చితే నీ ఉద్యోగం ఖాయం."

ఆ బొమ్మ రాయదుర్గం వైపు లేస్తున్న ఒక ఆఫీసు భవనం లాబీది. గోడలు, స్తంభాలు, గ్రానైట్ నేల అన్నీ కంప్యూటర్‌లో కట్టేశాను. ప్లానులో ఉన్నచోటే పన్నెండు బల్బులు సీలింగుకు పెట్టాను. మీట నొక్కి, భోంచేసి వచ్చి చూస్తే నేల మీద పన్నెండు తెల్లటి చుక్కలు, మిగతా అంతా తారు పూసినట్టు నలుపు. మా ఇంట్లో ముందు గదిలో ఒక్క ట్యూబులైటు వేస్తే వంటింట్లో బియ్యం ఏరుకోవచ్చు. ఇక్కడ వెలుగు నేలను తాకి అక్కడే చచ్చిపోతోంది. గోడకు ఎక్కదు, పైకి లేవదు. పెంచితే నేల సున్నం కొట్టినట్టయింది, సీలింగు మాత్రం నల్లగానే ఉంది. పక్క గదిలో ఒక లైటు పెట్టి చూశాను. అది గోడలోంచి దూరి ఇవతలకొచ్చింది! 'నీడలు' అన్న గడిలో టిక్కు పెట్టకపోతే దానికి గోడంటే లెక్కలేదట. లావుపాటి మాన్యువల్ రెండుసార్లు చదివాను. మొదటిసారి కొంచెం అర్థమైనట్టు అనిపించింది, రెండోసారికి అదీ పోయింది. ఆ మానిటర్‌ను ఎత్తి ఖాజాగూడ చెరువులో పడేద్దామన్నంత కోపం వచ్చేది.

చివరికి తెలిసిందేమిటంటే, అక్కడ లైటుకు బల్బు అక్కర్లేదు. గాలిలో ఎక్కడైనా పెట్టొచ్చు. సీలింగు వెలగాలంటే నేల కింద పాతిపెట్టొచ్చు. ఈ స్తంభం మీద పడు, ఆ గోడ మీద పడకు అని చెబితే వింటుంది. అన్నిటికంటే వింత, వెలుగు ఎంతో చెప్పే అంకె ముందు మైనస్ పెడితే అది వెలుగు ఇవ్వకపోగా ఉన్న వెలుగును తాగేస్తుంది. అలాంటి లేని లైట్లు పదహారు పెట్టాను. నేల విడిచి సామంటే అదే. కానీ బొమ్మ మాత్రం ఎంత బాగా వచ్చిందో! తేనె రంగు వెలుగు సీలింగంతా పరుచుకుని, మూలల్లో మెత్తగా నీడ.

ఓనర్ గారు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. బొమ్మ చూసి కుర్చీలోంచి లేచారు. "ఇదండీ వెలుగంటే! అచ్చం ఇలాగే ఉండాలి. ఇందులో ఒక్క పిసరు తగ్గినా నేనొప్పుకోను."

వారం తిరక్కుండా ఆ భవనం ఎలక్ట్రీషియన్ మా ఆఫీసుకొచ్చాడు. నల్గొండ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. ఎల్లుండి లాబీ మీద స్లాబ్ పోస్తారు. కరెంటు పైపులు కాంక్రీటు పొయ్యకముందే ఇనుప చువ్వల మధ్య పరవాలి, తర్వాత మార్చాలంటే స్లాబు పగలగొట్టడమే. చేతిలో నా బొమ్మ కాగితం ఉంది.

"మేడం, ఫోటోల వెలుగు మస్తుగున్నది. గని బల్బు యాడున్నది?"

"పన్నెండు ఉన్నాయి కదా" అన్నాను.

"పన్నెండు నేను గూడ లెక్కవెట్టిన. మరి గీ స్తంభానికి రెండు నీడలెట్ల వడ్డయ్? గా దిక్కు నేను పెట్టేదేం లేదు గదా."

వారంగా ఆ బొమ్మ చూసిన ఇంజనీర్లు, సార్, ఓనర్, ఎవరికీ కనబడని రెండో నీడ అది. ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క లైటూ చూపించాను. మైనస్ లైటు దగ్గర ఆయన పగలబడి నవ్వాడు.

"అది ఏ దుకాణంల దొరుకుతదో చెప్పుండ్రి, ఇప్పుడే పోయి తెస్త."

నేనూ నవ్వాను. తర్వాత ఆయన నవ్వు ఆపి కాగితం మడిచాడు. "నవ్వుడు గాదు మేడం. నాకు గింత పెద్ద పని గిదే మొదలు. పక్క బిల్డింగు గూడ నీకే ఇస్త అన్నడు ఓనర్ సారు. రేపు గిట్ల వెలగకపోతే నన్నే అంటడు. మీరే ఆయనకు జర చెప్పుండ్రి."

"చెప్తాను" అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను.

ఆ సాయంత్రమే మా సార్ గదిలోకి వెళ్ళాను. ఆయన అంతా విని, టేబుల్ మీద కవరు ఒకటి నా వైపు జరిపారు. నా అపాయింట్‌మెంట్ లెటర్. "బొమ్మ బొమ్మేనమ్మా. అది ఓనర్ గారికి తెలీదా ఏంటి? అడిగితే అప్పుడు చూద్దాం. నువ్వు మాత్రం వెళ్ళి గెలకకు." ఓనర్ గారికి తెలుసేమోనని నాకూ అనిపించింది. లేక అలా అనుకోవడం సుఖంగా ఉందో. కవరు తీసుకుని వచ్చేశాను.

స్లాబు పోసే రోజు అక్కడికి వెళితే, చువ్వల మధ్య పన్నెండుకు బదులు పంతొమ్మిది పైపు చివరలు కనబడ్డాయి. నేను లైట్లు చూపించిన చోట్లలో, కప్పుకు దగ్గరగా ఉన్న ఏడింటికి ఆయన అదనంగా పైపులు పరిచాడు.

"ఇవెందుకు? ఆ బల్బులు లేవని చెప్పాను కదా."

"ఇయ్యాల లేవు. రేపు కంపెనీ వాళ్ళు తయారు జేస్తే? పైపు ఉంటే వైరు గుంజొచ్చు. స్లాబు పగలగొట్టుడు నాతోని గాదు" అని, "ఓనర్ సారుకు చెప్పిండ్రా?" అన్నాడు.

నేను తల ఊపాను. అవునన్నట్టో కాదన్నట్టో నాకే తెలియదు. ఆయన అవుననే తీసుకున్నాడు.

ఏడాది తర్వాత లాబీ ప్రారంభం. నా బొమ్మను పెద్ద ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. కొబ్బరికాయ కొట్టాక లైట్లు వేశారు. పన్నెండు బల్బులు పద్ధతిగా వెలిగాయి, మిగిలిన ఏడు పైపు చివరలకు మూతలు బిగించి ఉన్నాయి. మంచి లాబీయే. ఓనర్ గారు ఒకసారి ఫ్రేమును, ఒకసారి సీలింగును చూశారు.

"ఏమయ్యా, బొమ్మలో ఉన్న వెలుగేదీ? ఆ పైన మూతలేసినవేంటి, బల్బులు పెట్టడం మర్చిపోయావా?"

ఎలక్ట్రీషియన్ కంగారు పడలేదు. నా వైపు చెయ్యి చూపించి, "మేడం మీకు చెప్పిండ్రు గద సార్" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. మా సార్ కళ్ళు కూడా నా మీదే. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ నా గొంతే నాకు వినబడింది: "ఫిట్టింగులు ఒకసారి చెక్ చేయించండి సార్."

ఎలక్ట్రీషియన్ నన్ను తిట్టలేదు. కోపంగా కూడా చూడలేదు. ఆ స్తంభం రెండో నీడను చూసినప్పటి ముఖమే, ఇది ఎటునుంచి వచ్చిందా అని వెతుకుతున్నట్టు. తర్వాత టెస్టర్ జేబులో పెట్టుకుని నిచ్చెన తేవడానికి వెళ్ళాడు.

పక్క బిల్డింగు పని ఇంకెవరికో ఇచ్చారు. ఆ లాబీకి తర్వాత చాలాసార్లు వెళ్ళాను. గోడల రంగులు మారాయి, ఫ్రేము తీసేశారు. సీలింగుకు ఏడు తెల్లటి ప్లాస్టిక్ మూతలు అలాగే ఉన్నాయి. అవెందుకున్నాయో అక్కడ ఎవరికీ తెలియదు.