ఖాజా సాబ్ స్టూలు మీద ఎండిన గోనెసంచి

నేను తూకాన్ని నమ్ముతాను. దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్న లెక్కలన్నీ పాత పుస్తకాలు చూసి, తప్పులు చేసి నేర్చుకున్నవే. అందుకే ఇక్కడ నేను తూచినవి, కొలిచినవి, కళ్లారా చూసినవి మాత్రమే రాస్తున్నాను.

రాయచూరు పక్కన చిక్కసూగూరులో ఒక చిన్న కార్ఖానాలో పనిచేస్తాను. పశువుల దవాఖానాల్లో ఎద్దు వీర్యాన్ని గడ్డకట్టించే చల్లటి ద్రవాన్ని, అంటే ద్రవ నైట్రోజన్‌ను, దాచే క్యాన్లు చేస్తాం. క్యాన్‌కు రెండు గోడలు. బయటి వేడి లోపలికి పోకుండా వాటి మధ్య ఉన్న గాలిని పంపుతో లాగేస్తాం. ఎంత లాగినా కొంచెం మిగులుతుంది. దాన్ని పీల్చడానికి లోపల ఒక లోహపు బిళ్ల పెడతాం. జిర్కోనియం, వెనేడియం, ఇనుము కలిపిన పొడిని ప్రెస్సులో నొక్కితే ఆ బిళ్ల వస్తుంది. గాలి లేనిచోట దాన్ని ఒకసారి కాల్చి లేపాలి. లేచాకే అది గాలి పీలుస్తుంది.

మా పాత బిళ్ల 450 డిగ్రీలకు గానీ లేచేది కాదు. ఆ వేడికి క్యాన్ మెడ దగ్గరి అతుకు వదులయ్యేది. 350కే లేచే మిశ్రమం కోసం మూడేళ్లు పాళ్లు మార్చి మార్చి చూశాను. పోయిన చలికాలంలో పందొమ్మిదో విడత లేచింది. ఇరవయ్యోది కూడా లేచింది.

ఆ రెండూ నొక్కింది మా ప్రెస్సు నడిపే ఖాజా సాబ్. పొడి గదిలోకి ఆయన చాయ్ కప్పు కూడా రానిచ్చేవాడు కాదు. "గీ పొడికి దూప ఎక్కువ తమ్మీ. ముందుగాలనే నీళ్లు తాపకు," అనేవాడు.

పొడి తూచే నాగమ్మ నవ్వేది. "మరి నీకు దూప గాదా సాబ్?"

"నేను గాలి పీల్చెటోణ్ణి గాదు బిడ్డా, బీడీ పీల్చెటోణ్ణి."

ఆ చలికాలం పోకముందే ఆయన చనిపోయాడు. ఎండాకాలం వచ్చింది. రాయచూరులో ఏ ఇంట్లోనైనా చేసేదే మేమూ చేశాం. పొడి గది కిటికీకి గోనెసంచి మేకులతో కొట్టి, నీళ్లు చల్లాం.

పాళ్లు అవే, వేడి అదే, సమయం అదే. అయినా ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు దాకా ఏడు విడతలు లేవలేదు. ఇరవై ఎనిమిదోది కూడా లేవకపోతే పొడి గది మూసేసి, బిళ్లలు బయటి నుంచి తెప్పిస్తానన్నాడు సేటు. నాగమ్మకూ నాకూ పని పోతుంది. అంతకన్నా, నా మూడేళ్ల లెక్క తప్పని తేలుతుంది.

ఇరవై ఎనిమిదోది నొక్కాల్సిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు సంచి మీద రెండు చెంబుల నీళ్లు నేనే పోశాను. ఒంటిగంటా పదికి గదికి తాళం వేశాను. తాళంచెవి ఒక్కటే, నా జేబులో ఉంది. తలుపుకు ఎదురుగా షెడ్డు కింద కూర్చుని ఇద్దరం రొట్టె తిన్నాం. రెండింటికి పది నిమిషాలు ఉందనగా తాళం తీశాను.

కిటికీకి సంచి లేదు, ఇనప చువ్వలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగు మేకులూ గోడకే ఉన్నాయి. సంచి ఖాజా సాబ్ స్టూలు మీద ఉంది. మూడు మడతలు, కొస లోపలికి దోపి. పొద్దున రాగానే కూర్చోవడానికి ఆయన గోనెసంచిని అలాగే మడిచేవాడు. ముట్టుకుంటే ఎండిపోయి గరగరలాడింది. కిటికీ కింద నీళ్లు కారిన నేల మాత్రం ఇంకా తడిగానే ఉంది.

"నువ్వు తీసినవా అన్నా?" అంది నాగమ్మ.

"నీ పక్కననే కూసుని తిన్న కదా."

ఏం చేయాలో తోచక సంచిని తూచాను. 640 గ్రాములు. తర్వాత ఒకరోజు అదే సంచిని అలాగే తడిపి తూస్తే 1,910 వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిస్తే ఆరడానికి గంటా ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. మడిచి నీడలో పెడితే మరునాటికీ ఆరలేదు.

ఆ సంచిని మళ్లీ కిటికీకి కట్టడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు. భయమే, దాచడం ఎందుకు. ఆ ఉక్కలోనే బిళ్ల నొక్కాం. 350 దగ్గర నలభై నిమిషాలు కాల్చి, చల్లార్చి, పంపు కవాటం మూశాను. మిగిలిన గాలిని చూపే గేజి ముల్లు, ఏడుసార్లు కదలనిది, ఈసారి కదిలింది. చూస్తుండగానే నూరో వంతుకు దిగి అక్కడే నిలబడింది.

సేటు వచ్చి కింద చతికిలబడ్డాడు. "ఇంకోసారి చూపియ్," అన్నాడు. చూపించాను. "ఇగ బయటి బిళ్ల వద్దు," అన్నాడు. నాగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటేనంది.

తర్వాతి మూడు విడతలూ లేచాయి. ఒకసారి కావాలనే తడి సంచి కట్టి చూశాను, లేవలేదు. తీసేశాను, లేచింది. గదిలోని తేమ ప్రెస్సుకు ముందే పొడి నోరు కట్టేస్తోంది. నా పుస్తకంలో తూకానికి, వేడికి, సమయానికి గడులున్నాయి, తేమకు లేదు. ఇప్పుడు గీశాను. మా బిళ్లలతోనే మా క్యాన్లు లింగసుగూరు దాకా పోతున్నాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు.

ప్రతి మార్పు పక్కనా అది చేసినవాళ్ల పేరు రాయడం నా అలవాటు. ఇరవై ఎనిమిదో విడత కింద 'సంచి తీసివేత' అని రాసి ఆగిపోయాను.

"సాబ్ పేరు రాయన్నా. ఎవ్వరడుగుతరు?" అంది నాగమ్మ.

చూడనిది నేను రాయలేను. ఇంకెవరి పేరూ రాయలేను. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.