మా అమ్మ ఆడిన టీవీ గేమ్

మొన్న మధ్యాహ్నం ఇంటర్నెట్ పెట్టె తాలూకు అడాప్టరు వేడెక్కి మా హాల్లో ఒక వాసన వచ్చింది. కాలుతున్న వాసన కాదు. నల్ల ప్లాస్టిక్కూ, దానిమీద పేరుకున్న దుమ్మూ, లోపలి రాగితీగా కలిసి కాగితే వచ్చే వాసన. మా ఆయన గబగబా వచ్చి ప్లగ్గు పీకేశారు. నేను ఆ అడాప్టరును చేతిలోకి తీసుకుని అది చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. బాల్యం అనగానే కొందరికి తొలకరి మట్టి వాసన గుర్తొస్తుంది, కొందరికి మామిడిపూత. నాకు గుర్తొచ్చేది ఇది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడాలని చాలామంది అనుకుంటారు గానీ నేను పడను.

తొంభైల చివరి సంవత్సరాల సంగతి. భవానీపురంలో మాదొక డాబా ఇల్లు. నాయనమ్మ, నాన్న, అమ్మ, పెళ్లికాని బాబాయి, నేను, తమ్ముడు కిశోర్. నాన్నకు వన్‌టౌన్‌లో చేనేత చీరల దుకాణం ఉండేది. ఎండాకాలం వస్తే కొండరాళ్లు పగలంతా మింగిన వేడిని పొద్దుపోయాక మా మీదికి వదిలేవి. గుమ్మానికి కట్టిన వట్టివేళ్ల తడక మీద నీళ్లు చల్లితే వచ్చే చల్లదనం, మంచం కింద గడ్డిలో మాగేసిన చిన్నరసాల తీపి వాసన, జాడీల్లో ఊరుతున్న కొత్తావకాయ ఘాటు, నది వైపునుంచి ఇసుక లారీలు లేపుకొచ్చే సన్నటి దుమ్ము, ఇవన్నీ కలిసి ఒకే గాలిగా ఇంట్లో తిరుగుతుండేవి. సాయంత్రం ఎండ వాలగానే మా వీధి పిల్లలందరం బయటపడేవాళ్లం. ఏడుపెంకులాట, గోళీలు, టెన్నిస్ బంతితో క్రికెట్. ఏడుపెంకులాటలో నా గురి అంటే మగపిల్లలకు హడల్. వీధి ఆటల రుచి నాకు తెలియక ఇదంతా రాస్తున్నానని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

ఎనిమిదో తరగతి సెలవుల్లో నేను పెద్దమనిషినయ్యాను. తాటాకు చాప మీద ఒక మూల కూర్చోబెట్టి, చిమ్మిలి ఉండలూ నెయ్యి కారే పులగమూ తినిపించి, వీధివీధంతా పిలిచి పసుపూ గంధమూ పూసి, పట్టుపరికిణీ కట్టి ఫోటోలు తీశారు. ఆ సందడి అయిపోయిన మర్నాడు సాయంత్రం నేను అలవాటుగా చెప్పులేసుకుని గుమ్మం దిగబోతే నాయనమ్మ అడ్డొచ్చి, "ఇంక వీధిలోకెందుకమ్మడూ, ఇంట్లో ఆడుకో" అంది. కోపంగా కాదు, ఎంతో ముద్దుగా అంది. ఇంట్లో ఏం ఆడుకోవాలో మాత్రం చెప్పలేదు. గేటు కమ్మీల మధ్యనుంచి చూస్తే కిశోర్ నా వంతు పెంకులు పేరుస్తున్నాడు. ఆ తర్వాత నాకు వీధి దొరికింది ఏడాదికొక్క అట్లతద్ది నాడే. తెల్లవారకముందే లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో చద్దన్నం తిని, ఆడపిల్లలమంతా చీకట్లో వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరిగెత్తేవాళ్లం. వెలుగు రాగానే ఎవరింట్లోకి వాళ్లం వెళ్లిపోవాలి.

ఆ ఏడే బాబాయి సరుకు పని మీద మద్రాసు వెళ్లి, అక్కడి బజారునుంచి ఒక టీవీ గేమ్ తెచ్చాడు. కిశోర్ కోసమని తెచ్చాడు. బూడిదరంగు డబ్బా, దానికి రెండు రిమోట్లు, గంటసేపు ఆడితే వేడెక్కి వాసనేసే నల్ల అడాప్టరు, పైన గుచ్చడానికి పసుపురంగు కేసెట్టు. కేసెట్టు మీద వేల ఆటలున్నాయని అచ్చువేశారు గానీ లోపల ఉన్నవి గట్టిగా ఒక డజను, వాటినే పేర్లు మార్చి మార్చి చూపించేది. అసలు కంపెనీది కాదు, నకిలీ సరుకు. అయినా ఈ రోజుకీ నా అభిప్రాయం ఒకటే: ఆ నకిలీ డబ్బా వల్లే మాలాంటి ఇళ్లలోకి ఆట వచ్చింది. అసలుది ఏ కొద్దిమంది మేడల్లోనో ఉండి ఉంటుంది, నేను చూడలేదు. బొమ్మ రాకపోతే కేసెట్టు తీసి నోటితో ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. మధ్యాహ్నం కరెంటు పోతే ఎక్కడిదాకా వచ్చామో అక్కడే అంతా పోయేది, మళ్లీ మొదటి స్టేజీ నుంచే. కిశోర్ మోజు వారం రోజులే. వాడికి వీధి ఉంది. నాకు లేదు కాబట్టి డబ్బా నాదయింది.

ఇద్దరాడే ఆటలే ఎక్కువ ఉండేవి అందులో. నేనెక్కువగా ఆడింది, మీదికొచ్చే ట్యాంకుల నుంచి మన కోటను కాపాడుకునే ఆట. రెండో రిమోటు పట్టుకునే మనిషి లేక, దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కదాన్నే ఆడుతుంటే, అమ్మ వెనకాల పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూసేది. కొన్నాళ్లకు, "ఆ పక్కనుంచి ఇంకో ట్యాంకొస్తోంది, చూసుకోవే" అనడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను మరీ తప్పుగా తిప్పానేమో, "ఇటివ్వు" అని చేతులు కొంగుకు తుడుచుకుని రెండో రిమోటు అందుకుంది.

మా అమ్మ పేరు సుశీల. కూచిపూడి పక్కన ఒక చిన్న ఊళ్లో కాలవ ఒడ్డున పుట్టింది. పదేళ్లకే కాలవను ఈ గట్టునుంచి ఆ గట్టుకు ఈదేదని మావయ్య చెప్పేవాడు. నాలాగే ఒక రోజున గట్టు మీదనుంచి లోపలికి పిలిపించారు, తర్వాత పెళ్లి చేశారు, భవానీపురం వచ్చింది. ఆ మధ్యాహ్నాల్లో, గిన్నెలన్నీ కడిగి బోర్లించాక, మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఇటుకల కోటను కాపాడుకుంటూ ఆడేవాళ్లం. తెరమీద ట్యాంకు ఎటు తిరిగితే అమ్మ భుజం అటు తిరిగేది. ఒకసారి ఎందుకమ్మా నీకింత ఇష్టం అని అడిగితే, "నీళ్లలోకి దూకినట్టుంటది" అంది, కళ్లు తెరమీదనుంచి తిప్పకుండా. కొన్నాళ్లకే నన్ను మించిపోయింది. నేను అయిదో స్టేజీలో చచ్చిపోతే, నా వైపు కూడా తనే కాపాడేది.

దసరా సెలవులకు నాన్నగారి అక్కయ్య, మా పెద్దత్తయ్య, పామర్రునుంచి వచ్చింది. పట్టపగలు ఇంటి కోడలు నేలమీద బాసింపట్టు వేసుకుని రిమోటు నొక్కుతుంటే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటమ్మా ఇదీ, సుశీల చిన్నపిల్లయిపోయింది?" అని నాయనమ్మనడిగింది. నాయనమ్మకు తలకొట్టేసినట్టయింది. దానికి తోడు సెలవులకు ముందు వచ్చిన నా లెక్కల మార్కులు అధ్వానంగా ఉన్నాయి. ఇక నేరం ఎవరిదో వెతుక్కోనక్కర్లేకపోయింది. సాయంత్రం నాన్న దుకాణం నుంచి రాగానే పెద్దత్తయ్య అంతా చెప్పింది. నాన్న వైర్లు చుట్టి డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాయనమ్మకిచ్చాడు. నాయనమ్మ దాన్ని మొలలో దోపుకుంది.

నేను ఏడుస్తున్నాను. అమ్మ వంటింటి గడపలో నిలబడింది.

"ఏవండీ, దానికి లెక్కలు రాకపోతే ట్యూషన్ పెట్టించండి. ఆట నాది. నా ఆట ఎందుకు లోపల పెట్టారు?"

నాన్న నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నీదేంటి? ఇద్దరు పిల్లల తల్లివి, నీకు ఆటేంటి సుశీలా?"

"మీరు ఇద్దరు పిల్లల తండ్రి కాదా? సాయంత్రమైతే క్లబ్బుకెళ్లి పేకాడి రావట్లేదా? ఎందుకాడతారని నేనెప్పుడన్నా అడిగానా?"

అమ్మ గొంతు పెంచలేదు. అంతకుముందు ఆమె నాన్నకు ఎదురుచెప్పగా నేను వినలేదు. నాన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఆ రోజు తొందరగానే తిరిగొచ్చి, అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పనంతా ముగించుకుని అమ్మ నాయనమ్మ మంచం దగ్గరికెళ్లి నిలబడింది. "అత్తయ్యగారూ, తాళంచెవి ఇస్తారా?"

పక్కనే వక్కలు కత్తిరిస్తున్న పెద్దత్తయ్య అందుకుంది. "తమ్ముడు వద్దన్నాడుగా. ఇవ్వకమ్మా."

నాయనమ్మ విసనకర్ర ఆపింది. తర్వాత మొలలోంచి తాళంచెవి తీసి, కూతురి వైపు చూస్తూ కోడలికి అందించింది.

"మీ నాన్న కూడా పేకాడేవాడే. బతికినన్నాళ్లూ పక్కన కూర్చుని తమలపాకులు చుట్టిచ్చాను. నాకొక్క ముక్క ఎవరూ పంచలేదు." తర్వాత అమ్మతో, "తీసుకో. సౌండు మాత్రం తగ్గించు, నాకు కునుకు పట్టాలి" అంది.

ఆమె కునుకు తీయలేదు. గోడవైపు తిరిగి పడుకున్నదల్లా మెల్లగా ఇటు తిరిగి, సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. నాన్న ఆ తర్వాత ఆ డబ్బా ఊసెత్తలేదు.

నా లెక్కల మార్కులు మాత్రం పెరగలేదు. పెరిగాయని రాస్తే చదివేవాళ్లకు తృప్తిగా ఉంటుందని తెలుసు. ఈ మధ్య వీడియో గేములను వెనకేసుకొచ్చేవాళ్లు కూడా, వాటివల్ల చురుకుదనం పెరుగుతుందనీ జ్ఞాపకశక్తి వస్తుందనీ చెబుతున్నారు. నాకా వాదన కూడా గిట్టదు. క్లబ్బులో పేకాడే మగవాళ్లను ఏం లాభమని ఎవరు అడిగారు? ఆడుకోవాలనిపించింది, ఆడింది. అంతకుమించిన సంజాయిషీ మా అమ్మ ఎవరికీ ఇవ్వలేదు, ఆమె తరఫున నేనూ ఇవ్వను. మా అబ్బాయి ఇప్పుడు చెవులకు డిప్పలు పెట్టుకుని ఎక్కడో ఉన్నవాళ్లతో ఆడతాడు. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, కాదనను. కానీ వాడి ఆటలో చచ్చిపోయిన చోటునుంచే మళ్లీ లేవచ్చు. మొదటి స్టేజీకి పోవాలన్న భయం లేని ఆట నాకు చప్పగా ఉంటుంది. పక్కనున్న మనిషి మోచెయ్యి తగలని ఆట మరీను. ఇదంటే వాడు నన్ను పాతకాలపు మనిషంటాడు, బయట నా ఈడువాళ్లతో మాట్లాడితే వాళ్లు నన్ను చెడిపోయినదాన్ని చూసినట్టు చూస్తారు. రెండువైపులా నాకు తోడు లేదు.

అమ్మ పోయిన తర్వాత పెద్దకర్మ నాడు, వచ్చినవాళ్లంతా ఆమె ఓర్పు గురించీ, చేతి వంట గురించీ చెప్పుకున్నారు. భోజనాలయ్యాక పెద్దత్తయ్యగారి అబ్బాయి, నాకు బావ, కుర్చీలో వెనక్కి వాలి, "మన చిన్నప్పుడు వీధుల్లో ఎంత ఆడేవాళ్లమండీ. ఈ గేములొచ్చి పిల్లల్ని నాశనం చేశాయి" అన్నాడు. నలుగురూ తలలూపారు.

నేనడిగాను. "బావా, మీ వీధిలో పెద్దమనిషైన ఆడపిల్ల ఎవరన్నా ఆడేదా?"

ఆయన ఆలోచించాడు. "అది వేరే సంగతి కదమ్మా."

"నేను చెప్పేది ఆ సంగతే" అన్నాను.

అప్పుడు మూలనున్న బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా వదిన టీవీ గేమ్ ఎంత బాగా ఆడేదో మీకెవరికీ తెలీదు. ఆవిడ మీద నేనొక్కసారి కూడా గెలవలేదు" అన్నాడు.

ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్టుమెంటు ఉంది. వెనక గూనున్న ఆ టీవీలు పోయాయి, ఊదితే పనిచేసే కేసెట్లు పోయాయి, గిన్నెలు బోర్లించాక ఇంట్లో అందరికీ మిగిలే ఆ పొడుగాటి మధ్యాహ్నాలు పోయాయి. స్టేజీ దాటినప్పుడు మా అమ్మ ఒక నవ్వు నవ్వేది, నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి, పైకి. అది కూడా పోయింది. వంటింట్లోంచి ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.